పడిన చెట్టుతో పాటు పురుగునూ లెక్కపెట్టండి: ఉద్యాన, అటవీ శాఖలకు బహిరంగ లేఖ

రాష్ట్ర ఉద్యాన శాఖ, అటవీ శాఖ ఉన్నతాధికారులకు, కోనసీమ, కాకినాడ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాల కలెక్టర్లకు నమస్కారాలతో రాస్తున్నది.

గోదావరి డెల్టాలో కొబ్బరి తోటల్లోనూ కోరంగి మడ అడవుల్లోనూ చెట్టుకూ పురుగుకూ ఉన్న లంకెను గమనిస్తూ పనిచేసేవాళ్ళం మేము. గాలివాన వెలిసిన వారంలోపే సిబ్బంది తోటల్లోకి దిగి పడిన చెట్లు లెక్కపెడతారు. ఫోటోలు తీస్తారు, జాబితాలు కడతారు, పరిహారం లెక్క తేలుస్తారు. ఆ పని అవసరమే, కష్టమైనదే. కానీ ఆ లెక్కతో నష్టం నమోదు ముగిసిపోతోంది. నిలబడ్డ చెట్టు మీద పురుగు దాడి అక్కడి నుంచే మొదలై రెండేళ్ళ దాకా సాగుతుంది. దానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

మేము చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇది. తోటలో పడిన కొబ్బరి మొద్దును గడువు పెట్టి తీయించాలి. మడ అడవిలో పడిన మానును మాత్రం ముట్టుకోకూడదు. రెండింటికీ కారణం పురుగే. చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతోంది: మొద్దు తోట గట్టున ఏళ్ళ తరబడి పడి ఉంటుంది, మడ కొయ్య పొయ్యిలోకి పోతుంది.

గాలివాన అడవికి ఏం చేస్తుందో ముందు చెప్పాలి. పైకప్పులాంటి కొమ్మలు విరగడంతో నేలకు ఎండ తగులుతుంది. నీడలో నిద్రపోతున్న విత్తులు మొలుస్తాయి, విరిగిన చెట్లు గుంపుగా లేత చిగురు వేస్తాయి. ఆకు తన జీవితకాలంలో పురుగుకు పోగొట్టుకునే దానిలో ఎక్కువ భాగం లేత వయసులోనే పోతుంది, ఎందుకంటే అప్పటికి దానికి గట్టిదనం రాదు. అడవంతా ఒక్కసారే చిగురిస్తే ఆకు తినే పురుగుకు పండగే. దాన్ని అదుపులో పెట్టే సన్నని కందిరీగ జాతులు మాత్రం గాలికీ వానకీ ముందుగా పోతాయి. అవి మళ్ళీ పుంజుకోవాలంటే ముందు వాటి తిండి, అంటే ఆ పురుగే, పెరగాలి. అందుకే పురుగుకు శత్రువైన కందిరీగ ఎప్పుడూ ఒకటి రెండు తరాలు వెనకబడి వస్తుంది. ఆ ఎడంలోనే తోటలు గుల్లవుతాయి.

1989 సెప్టెంబరులో హ్యూగో తుఫాను ప్యూర్టోరికోలోని లుకీయో వర్షారణ్యాన్ని ఊడ్చేశాక ఇదే కనబడింది. ఖాళీల్లో లేచిన మెత్తని మొక్కల మీద గొంగళి పురుగులు విరుచుకుపడ్డాయి. వాటిలో ముఖ్యమైనది స్పొడాప్టెరా ఎరిడానియా, మన మినుము చేలల్లో పొగాకు లద్దె పురుగుకు దాయాది. తిండి మొక్కలు అయిపోవడం, పరాన్నజీవి కందిరీగలు అందుకోవడం, ఈ రెండూ కలిసి ఆ ఉధృతిని దించాయి. అడవికి ఆ ఓపిక ఉంది. ఒకే జాతి చెట్టుతో నిండిన కోనసీమ తోటకు అంత ఓపిక లేదు.

ఇక కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు. ఇది గుడ్లు పెట్టేది బతికున్న చెట్టులో కాదు, కుళ్ళిన కొబ్బరి మొద్దులో, పెంటకుప్పలో. పిల్లపురుగు దశలో అది చెట్టుకు ఏ హానీ చెయ్యదు, కుళ్ళు తిని బతుకుతుంది. రెక్కలొచ్చాక మొవ్వులోకి, అంటే చెట్టు తల నడిమి చిగురులోకి, తొలుచుకుపోయి, ఇంకా విచ్చుకోని లేత ఆకును కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్నప్పుడు రెండు పక్కలా కత్తెరతో కోసినట్టు త్రిభుజాకారపు కోతలు కనిపిస్తాయి. పొత్తిని, అంటే పూగెలను కప్పి ఉండే ఒరను, తొలిస్తే ఆ గెల పోయినట్టే. గుడ్డుకు పదిరోజులు, పిల్లపురుగుకు మూడు నాలుగు నెలలు, గూటి దశకు (ప్యూపాకు) మూడు వారాలు. మొద్దు కుళ్ళడానికి పట్టే కాలం కలిపితే, ఈ దీపావళికి పడిన చెట్టులోంచి వచ్చే పురుగు వచ్చే వానాకాలానికి గాని బయటపడదు. అందుకే ఎవరూ దాన్ని తుఫాను నష్టం కింద గుర్తించరు.

కుళ్ళిన మొద్దును గొడ్డలితో చీల్చి చూపిస్తే చాలు, రైతుకు ఇంకేమీ చెప్పనక్కరలేదు. లోపల తడి కాఫీ పొడిలాంటి నుసి ఉంటుంది. దాన్ని వేళ్ళతో కదిపితే బొటనవేలంత లావున, అర్ధచంద్రంలా వంకర తిరిగి, గోధుమరంగు తలతో తెల్లని పురుగులు పడి ఉంటాయి. ఒక్క మొద్దులో డజన్ల కొద్దీ ఉండవచ్చు. ఆ మొద్దు ఉన్న తోట ఒక్కటే నష్టపోదు. పురుగు ఎగురుతుంది, చుట్టుపక్కల మొవ్వులన్నీ దానివే.

గువామ్ దీవిలో జరిగింది మనకు హెచ్చరిక. అక్కడికి కొమ్ము పురుగు 2007లో చేరింది. 2015 మేలో డాల్ఫిన్ తుఫానుకు పడిన చెట్లు కుళ్ళి పురుగుకు పుట్టిల్లయ్యాయి. అక్కడి నుంచి అది గొలుసుగా మారింది: పురుగు చెట్లను చంపింది, చచ్చిన చెట్లు మరింత పురుగును పెంచాయి. మన డెల్టాలో ఆ పురుగుకు సహజ శత్రువులు చాలానే ఉన్నాయి కాబట్టి అంత దూరం పోదనే మా అభిప్రాయం. కానీ 1996 నవంబరు 6 నాటి గాలివానలో లక్షల కొబ్బరి చెట్లు నేలకూలిన ప్రాంతం ఇది. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన వైపు, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటాయి. ఇంకా వస్తాయి.

అందువల్ల మొద్దుల తొలగింపును సాయంలో భాగం చేయండి. మన గాలివానలు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య వస్తాయి. సంక్రాంతి లోపల పడిన చెట్ల మొవ్వులు, ఉగాది లోపల మొద్దులు పోవాలి. జూన్‌లో తొలకరి తడి తగిలిందంటే కుళ్ళు ఊపందుకుంటుంది. మొవ్వు ముందెందుకంటే అది తీపిగా, మెత్తగా ఉండి రోజుల్లోనే పులుస్తుంది. ఆ పులుపు వాసన ఎర్ర ముక్కు పురుగును పిలుస్తుంది. చెట్టు పై మూడో వంతు మెత్తన, మొదలు వైపు చేవ. మెత్తని భాగాన్ని ఆరడుగుల ముక్కలు చేసి, నిలువునా రెండుగా చీల్చి, చీలిన ముఖం ఎండకు పెట్టాలి. చీల్చని మొద్దు లోపల ఎన్నాళ్ళైనా చెమ్మ ఉంటుంది, చీల్చినది వేసవి ఎండకు ఆరిపోతుంది. ఆరిన కొయ్యలో ఈ పురుగు పెరగదు. చేవ భాగం కోత మిల్లుకో ఇటుక బట్టీకో పోతుంది. కాలవ మీద కాలిబాటగా వేసుకున్న పాత మొదలు దుంగల జోలికి పోనక్కరలేదు.

అన్నిటికన్నా మరిచిపోయేది తల విరిగి నిలబడ్డ మొండి చెట్టు. అది పడలేదు కనుక దారికి అడ్డం కాదు, ఎవరూ కొట్టరు. విరిగిన చోట వాననీరు దిగి పైనుంచే కుళ్ళుతుంది, పది మీటర్ల ఎత్తులో పురుగుల బుట్ట తయారవుతుంది. నష్టం లెక్కలో మొండి చెట్టుకు వేరే గడి పెట్టి, ముందు దాన్నే కొట్టించండి. వేళ్ళతో లేచిన మొదలు దుంపలను తవ్వి తీయలేని చోట, పెంటకుప్పల్లోనూ పురుగును చంపే మెటారైజియం బూజు కలపాలి. ఘనపు మీటరు ఎరువుకు 50 వేల కోట్ల బీజాలు సిఫారసు మోతాదు. చెమ్మ ఉన్న నీడ కుప్పలో అది పనిచేస్తుంది, ఎండిన కుప్ప మీద చల్లితే డబ్బు దండగ.

ఉపాధి పనుల్లో ఈ కోత, చీల్పు కలపవచ్చు. పరిహారాన్ని రెండు వాయిదాలుగా చేసి, రెండోది మొద్దు తీసిన ఫోటో మీద ఇవ్వవచ్చు. ఒక్క జాగ్రత్త: పరిహారం భూమి యజమానికి, మొద్దు తీసే భారం కౌలుదారుకు పడితే ఈ పని ఎప్పటికీ జరగదు. తీసినవాడికే ఆ వాయిదా ముట్టాలి.

నిలబడ్డ చెట్టు మొవ్వును కాపాడుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. వేప పిండి పావుకిలో, అంతే ఇసుక కలిపి మొవ్వు చుట్టూ ఉన్న రెండు మూడు లేత మట్టల మొదళ్ళలో వెయ్యాలి, ఏడాదికి మూడుసార్లు. చిన్న చెట్లకు నాలుగు నాఫ్తలిన్ గోళీలు పెట్టి పైన ఇసుక కప్పి 45 రోజులకోసారి మార్చాలి. ఇసుక వెయ్యకపోతే గోళీ గాలికి హరించుకుపోతుంది. కన్నం కొత్తగా పడి, దాని నోట నమిలిన పీచు కనబడితే పురుగు లోపలే ఉన్నట్టు. కొక్కెంతో లాగాలి, తరువాత ఆ కన్నంలో ఇదే వేప పిండి ఇసుక కూరాలి.

ఎర్ర ముక్కు పురుగు సంగతి దీనికంటే ప్రమాదం, ఎందుకంటే అది బతికున్న చెట్టు లోపలే కాపురం పెడుతుంది. తనంత తాను గట్టి మానును తొలవలేదు, గాయం కావాలి. గాలికి చీలిన మట్ట మొదలు, కొమ్ము పురుగు చేసిన కన్నం, కంగారులో కత్తి పెట్టిన చోటు, అన్నీ దానికి గుమ్మాలే. గాలివాన తరువాత వేలాడే మట్టలను మానుకు ఆనించి నరికేయడం అందరూ చేసే పని. చూపుకు శుభ్రంగా ఉంటుంది, చెట్టుకు మాత్రం ముప్పు. పచ్చి మట్టను కొట్టవలసి వస్తే మాను నుంచి నాలుగు అడుగులు వదిలి కొట్టాలి. పురుగు ఆ కోత దగ్గర గుడ్లు పెట్టినా పిల్లలు మానులోకి చేరేలోపు మొదలు ఎండిపోతుంది. దింపు కార్మికులకు ఈ ఒక్క మాట ఊరూరా చెప్పించండి. చెట్టెక్కే చేయి వాళ్ళది, కరపత్రం ఇంట్లో ఉండే యజమానికి ఇస్తే లాభం లేదు.

గాయానికి బోర్డో పేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. రెండూ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి ఆ తరువాత కలపాలి, ఇనప పాత్ర వాడకూడదు. ఎర్ర ముక్కు పురుగును పట్టే లింగాకర్షక బుట్ట హెక్టారుకు ఒకటి చాలు. అయితే బుట్ట బయట గోనె చుట్టకపోతే పురుగు పాకి లోపలికి చేరలేదు. లోపల నీళ్ళు, పులిసిన అరటిపండో కల్లో వారానికోసారి మార్చకపోతే ఎర ఉన్నా పురుగు రాదు. లేత చెట్టుకు కడితే పురుగును దాని దగ్గరికి పిలిచినట్టవుతుంది. బుట్టలు ఇచ్చి వదిలేయకుండా వారం వారం నీళ్ళు మార్చే మనిషికి కూలి ఇవ్వండి.

తెల్లదోమ విషయంలో గాలివాన రైతును మోసం చేస్తుంది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మన దేశంలో తొలిసారి కనబడిన ఈ సర్పిలాకార తెల్లదోమ కొద్ది నెలల్లోనే మన జిల్లాలకూ చేరింది. పెద్ద వానకు రెక్కల దోమలు కొట్టుకుపోతాయి, ఆకు మీద మసి తొలుగుతుంది, పీడ వదిలిందనిపిస్తుంది. కింది మట్టల అడుగున చుట్టలు చుట్టలుగా పెట్టిన గుడ్లు, ఆకును కరుచుకున్న పిల్లలు కొన్ని మిగులుతాయి. జనవరి నుంచి ఎండ ముదిరేకొద్దీ అవే పెరుగుతాయి. దాన్ని తినే ఎన్‌కార్సియా అనే సన్నని కందిరీగ కూడా అదే వానలో పోయి ఉంటుంది. ఈ సమయంలో రసాయన మందు కొడితే మిగిలిన నాలుగు కందిరీగలూ పోతాయి.

కొట్టాలా వద్దా అన్నది ఆకే చెబుతుంది. పదిరెట్ల భూతద్దంతో ఆకు అడుగును చూడండి. దోమ బయటికొచ్చిన ఖాళీ గూడు మీద ఇంగ్లీషు T అక్షరంలా అడ్డంగా నిలువుగా చీలిక ఉంటుంది. కందిరీగ బయటికొచ్చిన గూడు మీద సూదితో పొడిచినట్టు గుండ్రని చిల్లు ఉంటుంది. లోపల కందిరీగ పెరుగుతున్న పిల్లదోమ నల్లబడుతుంది. నల్లనివి, చిల్లులవి కలిపి సగం దాటితే ఏ మందూ వద్దు. ఆ ఆకు ముక్కలనే కోసి, కందిరీగ లేని తోటల్లో ఆకులకు గుచ్చితే చాలు. అవి తక్కువగా ఉన్నచోట దోమను చంపే ఐసేరియా బూజును లీటరు నీటికి 5 గ్రాములు కలిపి, సాయంత్రం వేళ, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఆకు పైన కొడితే ఏమీ జరగదు, దోమ ఉండేది అడుగున. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇలాంటి జీవనియంత్రణ సాధనాలను తయారుచేస్తోంది. కొబ్బరి ఆకు తినే నల్లతల గొంగళి పురుగు మీదికి వదిలే గోనియోజస్ కందిరీగలు కూడా అక్కడివే. గాలివాన కాలానికి ముందే, ఆగస్టు, సెప్టెంబరుల్లో అక్కడ తల్లి నిల్వలు పెంచి ఉంచడానికి నిధులు ఇవ్వండి. తుఫాను పోయాక ఆర్డరు పెడితే పురుగు రెండు తరాలు ముందుంటుంది.

పడిన చెట్ల స్థానంలో పంచే మొక్కల విషయం కూడా చూడాలి. నర్సరీ నుంచి లారీ దించేముందు ప్రతి మొక్క ఆకు అడుగూ చూడకపోతే సాయం పేరుతో దోమను పంచినట్టవుతుంది.

పూత సంగతి రైతులు ఎక్కువగా అడుగుతారు, అధికారులు తక్కువగా వింటారు. గాలివానకు బతికిన కొబ్బరి రెండు మూడేళ్ళు సరిగా కాయదు. పొత్తి విచ్చుకోవడానికి రెండున్నరేళ్ళ ముందే దాని మొగ్గ మొవ్వు లోపల పుట్టి ఉంటుంది, ఆ రోజు తగిలిన దెబ్బ అన్నాళ్ళ తరువాత బయటపడుతుంది. దీనికి తోడు మన దేశవాళీ పొడుగు రకంలో ఒకే గెలలో మగపూలు ముందు, ఆడపూలు తరువాత విచ్చుకుంటాయి కాబట్టి వేరే చెట్టు పుప్పొడి కావాలి. దాన్ని మోసే తేనెటీగలు గాలివానతో తొర్రలు పోయి, పట్లు తడిసి పోతాయి. తేనె పెట్టెలు ఉన్నవాళ్ళకు రెండు వారాలపాటు చక్కెర ఇవ్వండి. చక్కెర, నీళ్ళు సమంగా కలిపి, పెట్టెకు పావు లీటరు, సాయంత్రం చీకటి పడ్డాక, పెట్టె లోపలే పెట్టాలి. బయట పెడితే బలమైన పట్టు బలహీనమైనదాన్ని దోచుకుంటుంది. తడిసి బూజు పట్టిన పట్లు తీసెయ్యాలి, లేకపోతే మైనపు పురుగు చేరుతుంది.

కొబ్బరి కింద కోకో వేసిన తోటల్లో ఇంకో చిన్న జీవి ఉంది. కోకో పువ్వును తేనెటీగ కాదు, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవుండే ముసురు ఈగ ఫలదీకరిస్తుంది. అది పెరిగేది నేల మీద చెమ్మగా కుళ్ళే ఆకు చెత్తలో. పై నీడ పోయి ఆ చెత్త ఎండిపోతే ఈగ పోతుంది, పూలు రాలిపోతాయి, కాయ నిలవదు. కోకో కింద ఆకు చెత్తను ఊడ్చి తగలబెట్టవద్దని చెప్పండి. అరటి బోదె ముక్కలు నీడపట్టున పరిచి తడిగా ఉంచితే ఈగ తిరిగి వస్తుంది. కాకపోతే నల్లకుళ్ళు తగిలిన కోకో కాయలు ఆ చెత్తలో కలవకూడదు.

అటవీ శాఖ వారికి చెప్పేది ఇక్కడి నుంచి. 1978లో అభయారణ్యమైన కోరంగి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ మడ, తిల్ల చెట్లు ఎక్కువ. ఇవి విరిగినా మోడు నుంచి మళ్ళీ చిగురిస్తాయి. ఉప్పుపొన్నకు ఆ గుణం లేదు, ముదురు కొమ్మ విరిగితే అక్కడ కొత్త మొగ్గ పుట్టదు, చెట్టు చస్తుంది. కాబట్టి గాలివాన తరువాత ఎక్కడ నాటాలో ఎక్కడ వదిలేయాలో జాతి చూసి నిర్ణయించాలి. మడ చిగురు మీద గొంగళి పురుగు పడితే కంగారు పడి మందు కొట్టించవద్దు. ముంబై తీరంలో టేకు ఆకు పురుగు మడ చెట్లను బోసి చేసిన సందర్భాలున్నాయి, చెట్లు తిరిగి చిగురించాయి. నీటి మీద కొట్టిన మందు రొయ్యకూ పీతకూ పోతుంది.

పడిన మడ మానును అక్కడే వదలండి. పోటుకు వచ్చిన ఒండ్రు దాని చుట్టూ ఆగుతుంది, తేలివచ్చిన మొలకలు దానికి తగులుకొని వేళ్ళూనతాయి. దానిలో చేరే తొలిచే పురుగులు చచ్చిన కొయ్యను తినేవి, అడవికి అవి పారిశుద్ధ్యం చేసేవి. ఆ కొయ్యను లాగడానికి పడవలు, మనుషులు వెళితే కొత్త మొలకలు కాళ్ళ కింద నలుగుతాయి. చెయ్యవలసిన పని కాలువలది. ఒండ్రు మూసేసిన చేపముల్లు ఆకారంలో తవ్విన కాలువలను మొదట పూడిక తీయండి. మడ చెట్టు ఊపిరి వేళ్ళు బురదలో పూర్తిగా మునిగి, పోటు నీరు వెనక్కి పోకపోతే గాలికి నిలిచిన చెట్టు కూడా చచ్చిపోతుంది.

ఆరోగ్య శాఖ వారితో కలిసి చేయవలసిన పని ఒకటుంది. వరద తగ్గగానే దోమల కోసం తాళ్ళరేవు, ఐ. పోలవరం వైపు ఊళ్ళలో పొగ కొడతారు. అది అవసరం. కానీ పగటిపూట, గాలి అడవి వైపు వీస్తుండగా కొడితే మడ పూల మీద ఉన్న తేనెటీగలు చస్తాయి. పొద్దు గూకాక, గాలి నిలిచినప్పుడు, ఊరి లోపల మాత్రమే కొట్టించండి. తేనె పెట్టెలు ఉన్నవాళ్ళకు ఒక రోజు ముందే కబురు పెట్టండి.

పంటనష్టం నమోదు ఫారంలో ఈ వివరాలకు గళ్ళు చేర్చమని కోరుతున్నాం: మొండి చెట్లు ఎన్ని, మొద్దులు తీసిన తేదీ, మొవ్వులో కొత్త కన్నాలున్న చెట్లు ఎన్ని, తెల్లదోమ గూళ్ళు వందకు ఎన్ని నల్లనివి. ఊరికి పది చెట్లను సున్నం గీతతో గుర్తుపెట్టి, గ్రామ ఉద్యాన సహాయకుడు పదిహేను రోజులకోసారి అవే చెట్లను చూడాలి. గాలివాన తరువాత 24 నెలలు ఆ పట్టీ నడవాలి, రైతు సేవా కేంద్రం గోడ మీద అందరికీ కనబడేలా అంటించాలి.

ఇట్లు,
గోదావరి డెల్టా తోటల్లో, మడల్లో పురుగును గమనించేవాళ్ళం